బెలూన్ సారు, చిన్నమేస్త్రి

నేను బెలూన్ పగలగొట్టాను. ఆమె నా నెత్తిన సున్నం పోసింది.

మా పరిచయం ఇలా మొదలైంది. ఇందులో తప్పెవరిదన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

అది నూట ముప్పై ఏళ్ళ నాటి వేలం హాలు. ఒకప్పుడు అక్కడ నూలు బేళ్ళు, కలప, చివరికి గుర్రాల్ని కూడా వేలం వేసేవారట. తర్వాత చాలా ఏళ్ళు తాళం పడి పావురాల పాలైంది. ఇప్పుడు దాన్ని సంగీతం హాలుగా మారుస్తున్నారు. కుర్చీలు, స్టేజీ, లైట్లు, స్పీకర్లు అన్నీ కొత్తవి. గోడలు మాత్రం పాతవే. ఆ గోడల మధ్య పాట ఎలా వినబడుతుందో తేల్చి చెప్పడం నా పని. నేను సౌండ్ ఇంజనీర్ని.

మా పనిలో బెలూన్ చాలా ముఖ్యం. ఖాళీ హాలు మధ్యలో నిలబడి పెద్ద బెలూన్‌ని సూదితో పేలుస్తాం. ఆ చప్పుడు గోడలకి తగిలి, తిరిగి తిరిగి ఎన్ని సెకన్లకి చచ్చిపోతుందో మైకూ లాప్‌టాపూ కలిసి లెక్కగడతాయి. మరీ తొందరగా పోతే పాట ఎండిపోయినట్టు ఉంటుంది. మరీ ఆలస్యమైతే ఒక మాట మీద ఇంకో మాట పడి అంతా గోలైపోతుంది.

ఆ రోజు భోజనాల వేళ హాల్లో ఎవరూ లేరనుకుని పేల్చాను. నలభై పావురాలు ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. పైన పరంజా మీద ఎవరో కెవ్వుమన్నారు. ముందు తాపీ పడింది, దాని వెనకే తట్టెడు తడి సున్నం నా తల మీద పడింది.

"ఎవడ్రా అది!" అని ఒక ఆడగొంతు హాలంతా మోగింది. మరుక్షణం నా చొక్కా కాలరు ఎవరి చేతిలోనో ఉంది.

"కళ్ళు తెరవకండి! తెరవద్దంటున్నానా! నడవండి, నడవండి. మెట్టుంది. తల దించండి. ఇంకా."

పంపు కింద నా తల పెట్టి బకెట్ల మీద బకెట్లు కుమ్మరించింది. "కంట్లో సున్నం పడితే చూపు పోతుంది తెలుసా? బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా మనుషులు పైన పని చేస్తుంటే కింద బాంబులు పేలుస్తారా?"

"మీరు తిడుతున్నారా, కాపాడుతున్నారా?" అన్నాను నీళ్ళలోంచి.

"రెండూ ఒకేసారి చేస్తున్నా. నాకు అవతల పనుంది."

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక మొహం. కనుబొమల మీద సున్నం చుక్కలు, చెంప మీద ఒక చార. ఆ కళ్ళలో మాత్రం పోలీసు చూపు.

"ఇంతకీ మీరెవరు?"

"సౌండ్ ఇంజనీర్ని."

"ఓహో. పుట్టినరోజులకి బెలూన్లు కట్టేవాళ్ళు అడ్రసు తప్పి వచ్చారేమో అనుకున్నా."

ఆ సాయంత్రానికల్లా పనివాళ్ళందరికీ నేను 'బెలూన్ సారు'నైపోయాను. ఆమెని అక్కడ అందరూ చిన్నమేస్త్రి అంటారు. వాళ్ళ నాన్న పెద్దమేస్త్రి. పాత భవనాల గోడలకి సిమెంటు కలపకుండా సున్నంతో గచ్చు పూసి, అద్దంలా నునుపు తేల్చడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరట. ఆయన కంటి ఆపరేషన్‌కి వెళుతూ ఈ హాలు మొదటిసారి కూతురి చేతుల్లో పెట్టి వెళ్ళారు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. హోటల్లో మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుగుకెత్తి చూసిగానీ తాగను. "నిన్ను చేసుకోబోయే పిల్ల ముందు పోలీసు స్టేషన్‌లో మంచి నడవడిక సర్టిఫికెట్ తెచ్చుకోవాల్రా" అని మా అక్క ఎప్పుడూ అంటూ ఉంటుంది. ఆ మాట నేను తప్పుగా ఏమీ తీసుకోలేదు. తెచ్చుకుంటే మంచిదేగా?

మొదటి రోజు తల కడుక్కుని మళ్ళీ పేలిస్తే నంబరు అద్భుతంగా వచ్చింది. ఒకటిన్నర సెకన్లు. కోట్లు పోసి కట్టిన కొత్త హాళ్ళకి కూడా అంత చక్కగా రాదు. తలుపులకి రబ్బరు, కిటికీలకి రెండో అద్దం, ఇలాంటి చిన్నాచితకా పనులు ఒక పది రాసి, ప్రాజెక్టు మేనేజరుకి మెయిల్ కొట్టి, ఇంకో ఊళ్ళో పని చూసుకోవడానికి వెళ్ళిపోయాను.

మేనేజరుది ఒకటే పాట. "ఎందుకొచ్చిన గొడవండీ, గోడలన్నిటికీ నల్ల ఫోమ్ షీట్లు కొట్టేద్దాం. అన్ని హాళ్ళకీ అవే వేస్తారుగా" అంటాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గచ్చు పని పూర్తయ్యాక నంబరు బాగుంటే గోడలు అలాగే ఉంటాయి. చెడితే ఫోమ్.

మూడు వారాల తర్వాత సోమవారం తిరిగొచ్చాను. గోడలు వెన్నముద్దలా ఉన్నాయి. పావురాలు లేవు. మనసులో చిన్నమేస్త్రిని మెచ్చుకుంటూ బెలూన్ పేల్చాను.

డొమ్మ్‌మ్‌మ్... అంటూ చప్పుడు ఎంతకీ చావదే! సన్నటి శబ్దాలు బాగానే పోతున్నాయి. లావు శబ్దాలు మాత్రం మూడు సెకన్లు అక్కడక్కడే తిరుగుతున్నాయి. తల తీసుకెళ్ళి డ్రమ్ములో పెట్టినట్టుంది. ఇంకో మూడు పేల్చాను. అదే నంబరు.

మేనేజరు మొహం వెలిగిపోయింది. "అయితే ఫోమేనా?"

"ఆగండి. కారణం కనుక్కోనివ్వండి."

"శనివారం దాకా చూస్తా. ఆదివారం ఫోమ్ వాళ్ళకి చెప్పేస్తా."

వెనకనుంచి "ఫోమ్ ఏంటి?" అన్న మాట వినబడింది. చిన్నమేస్త్రి నిలబడి ఉంది. విషయం విన్నాక ఆమె మొహం రంగు మారిపోయింది.

"ఆ షీట్లకి అడుగుకో మేకు కొడతారు. గచ్చంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. మిగిలింది ఆ నల్ల స్పంజి కింద పూడిపోతుంది. ఈ హాలు బాగా వస్తే ఇంకో రెండు పాత భవనాలు మాకే ఇస్తామన్నారు. నాన్న కళ్ళు బాగై వచ్చేసరికి నేను ఆయనకి చూపించాల్సింది ఇదేనా?"

మాటలు మేనేజరుతో, చూపు మాత్రం నా మీద. ఆ చూపులో తొంభై పాళ్ళు అనుమానం. మిగతా పది పాళ్ళూ ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నా అనుమానం నాకూ ఉంది. మూడు వారాల్లో హాల్లో మారింది గచ్చు ఒక్కటే. పని తొందరగా అవడానికి సున్నంలో సిమెంటు కలిపి ఉంటుంది. మంగళవారం అందరూ టీకి వెళ్ళగానే సున్నం తొట్టి దగ్గరికి వెళ్ళి, చుట్టూ చూసి, ఒక చెంచాడు కవర్లో వేసుకున్నాను.

"ఏం దొంగిలిస్తున్నారు?"

కవరు గబుక్కున జేబులోకి తోసి తిరిగితే చిన్నమేస్త్రి. "దొంగతనం కాదండీ, శాంపిల్."

"దొంగచూపులు చూస్తూ తీసి జేబులో పెట్టుకుంటే దాన్ని మేం దొంగతనమనే అంటాం."

ఇంక దాచి లాభం లేదు. "సున్నంలో సిమెంటు కలిసిందని నా అనుమానం."

ఆమె నా చెయ్యి పట్టుకుని బరబరా గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. నా చూపుడువేలు తీసి గచ్చు మీద పెట్టింది.

"గీయండి."

"దేంతో?"

"గోటితో. సిమెంటైతే మీ గోరు విరుగుతుంది. సున్నమైతే మూడు వారాలకి ఇంకా పచ్చిగానే ఉంటుంది. గట్టిపడ్డానికి ఏళ్ళు కావాలి దానికి. గీయండి, ఫర్వాలేదు. మళ్ళీ నేనే నునుపు చేసుకుంటా."

గీశాను. సన్నగా గీత పడింది. నా వేలు పట్టుకునే ఇంకో నాలుగుచోట్ల గీయించింది. అన్నిచోట్లా గీత పడింది. నిజానికి రెండోచోటికే నాకు నమ్మకం కుదిరింది. కానీ వేలు ఆమె చేతిలో ఉంది కదా అని మిగతా వాటికీ అభ్యంతరం చెప్పలేదు.

"సారీ అండీ," అన్నాను.

"అది తర్వాత. ఇప్పుడు నా వంతు. మీ బ్యాగులో ఫోమ్ కంపెనీ పుస్తకం ఎందుకుంది?"

"నా బ్యాగు తెరిచారా!"

"జిప్పు తెరిచే ఉంది."

"అది మేనేజరు గారిచ్చారు."

"ఇస్తే తీసేసుకుంటారా? మీరు ఫోమ్ వాళ్ళ మనిషనీ, బెలూన్లో గాలి తక్కువ ఊది నంబరు చెడగొడుతున్నారనీ మా వాళ్ళందరి అనుమానం."

"మీ వాళ్ళదా, మీదా?"

"అనుమానం మొదలుపెట్టింది నేనే. తర్వాత వాళ్ళకి చెప్పా."

"అయితే రేపు మీరే ఊది మీరే పేల్చండి."

"పేలుస్తా. బెలూన్లు కూడా నేనే తెచ్చుకుంటా. మీవి నమ్మను."

అన్నట్టే బుధవారం ఎర్ర బెలూన్ల ప్యాకెట్ తెచ్చింది. బుగ్గలు పూరించి ఊదడం, ముడి వేయడం అంతా మహా ధైర్యంగా చేసింది. సూది దగ్గరికి తేగానే మాత్రం రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంది. పేలాక ఒక కన్ను తెరిచి "పేలిందా?" అంది. ఆ ఒంటికన్ను చూపు నన్ను చాలాసేపు పని చేసుకోనివ్వలేదు.

నంబరు మాత్రం మారలేదు. ఆమె ఐదు పేల్చినా మూడు సెకన్లే. ఆరోది ఊదుతుండగా వాన అందుకుంది. రేకుల కప్పు మీద వాన హోరుకి ఇంక కొలతలేవీ కుదరవు. పనివాళ్ళు వెళ్ళిపోయారు. మేమిద్దరం స్టేజీ అంచున కూర్చుని నా ఫ్లాస్కులో టీ పంచుకున్నాం.

"మీ మిషను తప్పేమో?" అంది.

"కావాలంటే వినండి. మొదటి రోజు రికార్డింగు కూడా ఉంది."

నా దగ్గర ఒకటే హెడ్‌ఫోను. దాన్ని విప్పదీసి చెరో చెవికి పెట్టుకోవాలంటే తలలు దగ్గరికి రాక తప్పదు. వచ్చాయి. ఆమె జుట్టులో తడి సున్నం వాసన. అది అంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

మొదట టప్పుమన్న చప్పుడు. వెంటనే రెక్కల చప్పుడు. ఆపైన "ఎవడ్రా అది!"

"అయ్యో, అది నేనా? అంత గట్టిగా అరిచానా?" నవ్వు ఆపుకోలేక నా భుజానికి తగిలింది.

"మీరే. ఆ ఫైలుకి పేరు కూడా పెట్టాను."

"ఏమని?"

"ప్రమాదం అని."

"మళ్ళీ పెట్టండి."

"తిట్టా?"

"కాదు. ఆ రెక్కలు."

మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె నవ్వలేదు. కళ్ళు పైకప్పు కిందకి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. మెల్లగా హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

"ఏమైందండీ?" అంటే వెనక్కి కూడా చూడలేదు.

ఏదో దాస్తోంది. నాకు దానిలో అనుమానమే లేదు. బాధ మాత్రం కొత్తగా ఉంది. ఇన్నేళ్ళలో నేను ఎంతోమందిని అనుమానించాను కానీ, నా అనుమానం తప్పైతే బాగుండునని కోరుకోవడం అదే మొదలు.

గురువారం ఏడింటికే హాలుకి వెళ్ళాను. పరంజా మీద ఠక్ ఠక్‌మని చప్పుడు. ఆమె ఒక్కతే ఉలీ సుత్తీ పట్టుకుని తను చేసిన గచ్చుని తనే కొడుతోంది. ఎత్తంటే నాకు భయం. అయినా ఎక్కాను. ప్రతి నిచ్చెనమెట్టునీ అనుమానిస్తూనే ఎక్కాను.

"ఏం చేస్తున్నారు?"

ఆమె ఉలిక్కిపడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు గెలిచారు. తప్పు నాదే. చూడండి."

గోడలో గుండ్రటి రంధ్రం. చెయ్యి పెట్టాను. లోపల ఖాళీ, నున్నగా, చల్లగా ఉంది. అది రంధ్రం కాదు, గోడలో అడ్డంగా పెట్టి కట్టిన మట్టికుండ. మూతి హాలు వైపు ఉంది.

"ఇలాంటివి నలభై రెండు ఉన్నాయి," అంది. "పావురాలు ఇందులోనే కాపురాలు పెట్టాయి. ఉత్త బొక్కలనుకున్నా. పనుల జాబితాలో కూడా మూసేయమని ఉంది. అన్నీ పూడ్చి నునుపు చేసేశా. నిన్న ఆ రెక్కల చప్పుడు వింటుంటే అనుమానమొచ్చింది, అన్ని పావురాలు పట్టాయంటే లోపల ఎంత చోటుండాలి అని."

నేను ఆ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదాను. హూఁ... అని లావుపాటి శబ్దం వచ్చింది.

"చిన్నమేస్త్రి గారూ! హాల్లో పోకుండా తిరుగుతున్న శబ్దం ఇదే! కుండ ఏ స్వరంలో మోగుతుందో, హాల్లోంచి ఆ స్వరాన్ని మింగేస్తుంది. మైకు లేని రోజుల్లో వేలం పాట చివరి మనిషికి కూడా తేటగా వినబడాలని కట్టినవాళ్ళు చేసిన ఏర్పాటు ఇది. పుస్తకాల్లో చదవడమే కానీ, నేనెప్పుడూ చూడలేదు!"

నేను సంతోషంతో ఊగిపోతుంటే ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"మా నాన్న పదే పదే ఒకే మాట చెప్తాడు. పూడ్చేముందు చెయ్యి పెట్టి చూడవే అని. నేను చూళ్ళేదు. మొదటిసారి నమ్మి పని అప్పగిస్తే ఇలా చేశా. నిన్నే మీకు చెప్పాల్సింది. మీరు రిపోర్టులో రాసేస్తారని భయమేసి పారిపోయా."

"ముందు తెరుద్దాం. రాయడం సంగతి తర్వాత."

"శనివారంలోపలా? కుండలు పగలకుండానా?"

"నాకూ ఒక ఉలి ఇవ్వండి."

"మీకా? దేవుడా," అంటూనే ఇచ్చింది.

రెండు పగళ్ళు ఆ పరంజా మీదే గడిచాయి. గచ్చుని అంచు నుంచి కొద్దికొద్దిగా కొట్టాలి, కుండకి దెబ్బ తగలకూడదు. ఆమె, ఆమె మనుషులు ఒక్కొక్కరు గంటకొకటి తెరిస్తే నేను పూటకొకటి తెరిచాను. సున్నానికి నా వేళ్ళు పగిలాయి. "గోకుతున్నారా, బుజ్జగిస్తున్నారా?" అని పక్కనుంచి ఆమె వెక్కిరింపులు. నా మూడో కుండ తెరుచుకోగానే ఆమె చెయ్యి లోపల పెట్టి, పగులు లేదని చూసి, "శభాష్ బెలూన్ గారూ" అని నవ్వింది. అప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. ఈ మనిషి అంటే నాకు ప్రేమ. అందులో గీసి చూడాల్సిందేమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమేస్త్రి గారొచ్చారు. కళ్ళకి నల్ల అద్దాలు. ఆయన అడక్కముందే ఆమె అంతా చెప్పేసింది. ఆయన నేరుగా పరంజా ఎక్కి, వరసగా కుండల్లో చెయ్యి పెట్టి చూసుకుంటూ వెళ్ళారు.

"చెయ్యి పెట్టి చూశావా?"

"లేదు నాన్నా."

"ఇంక జన్మలో మర్చిపోవులే." అంతటితో ఆ విషయం ముగిసింది. అద్దాలు నా వైపు తిరిగాయి. "ఈ బాబెవరు? ఫోమ్ మనిషా?"

"కాదు నాన్నా, మన మనిషే," అంది ఆమె గబుక్కున. అని, నాలిక్కరుచుకుని, అవసరం లేని తాడు ఒకటి విప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రం నాలుగింటికి బెలూన్ పేలింది. ఒకటిన్నర సెకన్లు! పనివాళ్ళు ఈలలు వేశారు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. తర్వాత ఎవరి చేతులో గుర్తొచ్చి వదిలేసింది.

గాల్లో తేలుతూ గదికి వెళ్ళి రిపోర్టు మొదలుపెట్టాను. కుండలు ఎప్పుడు పూడ్చారో తేదీ కావాలి. మొదటి రోజు మెయిల్ తెరిచాను. నా పది పనుల జాబితా. చదువుతూ చదువుతూ ఏడో నంబరు దగ్గర ఆగిపోయాను.

'పైకప్పు కింద గోడల్లో పావురాల బొక్కలున్నాయి. కచేరీ మధ్యలో పావురాలు గోల చేస్తాయి. అన్నీ పూర్తిగా మూయించాలి.'

రాసింది నేనే. సోమవారం నుంచి తొట్టెల్లో, గోడల్లో, ఆమె కళ్ళలో వెతికిన దొంగ నా లాప్‌టాపులోనే కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి పెట్టి చూడలేదు సరే, నేను కిందనుంచి తలెత్తి కూడా సరిగ్గా చూడలేదు. వినడమే నా వృత్తి కదా, మొదటి రోజు అంత మంచి నంబరు ఎందుకొచ్చిందని ఒక్కసారైనా అనుమానించానా? నీళ్ళగ్లాసుని అనుమానించేవాడికి ఆ అనుమానం రాలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. 'పూడ్చిన రంధ్రాలు తెరిచాక సరిపోయింది' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. చెబితే మేనేజరు ఊరుకోడు. ఆ రెండు పాత భవనాల సౌండ్ పని నాకే అని మాటిచ్చి ఉన్నాడు. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. నేను చేసిన తప్పుకి ఆమె రెండు రోజులు ఏడిచింది. ఇది తెలిస్తే నా మొహం చూస్తుందా?

చివరికి ఏడో నంబరు ఉన్నదున్నట్టు రిపోర్టు మొదటి పేజీలో పెట్టాను.

శనివారం పదింటికి హాల్లో మేము నలుగురమే ఉన్నాం. మేనేజరు తనే బెలూన్ పేల్చి నంబరు చూసుకున్నాడు. బాగుందన్న సంతోషం కంటే ఫోమ్ పోయిందన్న దిగులే ఎక్కువ కనిపించింది.

"సరే. మరి సోమవారం ఎందుకు చెడింది? తప్పెవరిది? నాకు రాతపూర్వకంగా కావాలి."

చిన్నమేస్త్రి ఒక అడుగు ముందుకేసింది. "సార్, ఆ కుండలు పూడ్చింది..."

"నేనండీ," అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. ఆ హాల్లో అది ఇంకా తేటగా వినబడింది. "పూడ్చమని రాసింది నేను. మొదటి రోజు జాబితాలో ఏడో నంబరు. అవేంటో చూడకుండా రాశాను. రాసింది మర్చిపోయి వీళ్ళని అనుమానించాను. సిమెంటు కలిపారని కూడా అన్నాను. వీళ్ళు జాబితా ప్రకారం చేశారంతే. తప్పు పట్టాల్సింది నన్ను."

మేనేజరు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "మీరే మూయమని, మీరే చెడిందని, మీరే తెరిపించి, మీరే బాగైందంటున్నారా? బాగుందయ్యా!" పెద్దమేస్త్రి గారి వైపు తిరిగాడు. "గోడలు ఇలాగే ఉంచేద్దాం. ఆ రెండు భవనాలూ మీరే మొదలుపెట్టండి. సౌండుకి మాత్రం నేను వేరే మనిషిని చూసుకుంటా."

అని వెళ్ళిపోయాడు. నేను వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాను. తలెత్తి ఆమెని చూసే ధైర్యం లేదు.

ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. మడత పెట్టిన కాగితం ఒకటి చేతికిచ్చింది. విప్పాను. నా మెయిలు. కింద నా పేరుతో సహా.

"మీకు తెలుసా?"

"గురువారం సాయంత్రం తెలిసింది. మాకిచ్చిన జాబితాలో పేరు లేదు. ఎవరు రాశారని మేనేజరు గారిని అడిగితే ఇది తీసిచ్చారు. ఏడో నంబరు ఆయన చదివినట్టు లేదు."

"మరి నన్ను అడగలేదేం?"

"మీరు మర్చిపోయారో, దాస్తున్నారో తెలీలేదు. గుర్తొస్తే ఏం చేస్తారో చూద్దామనుకున్నా. నిన్నంతా మీ మొహమే చూస్తూ పని చేశా."

"అనుమానంగానా?"

"అనుమానంగానే. మీతో తిరిగి నాకూ అంటుకుంది."

"నేను చెప్పకపోయుంటే ఈ కాగితం బయటపెట్టేవారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "చెయ్యి పెట్టి చూడకపోవడం నా తప్పే కదా. నేనే చేశానని చెప్పి వెళ్ళిపోయేదాన్ని. మీ పని మీకుండేది. నేను మళ్ళీ కనబడేదాన్ని కాదు. ఎందుకో కూడా మీకు తెలిసేది కాదు."

ఎంత అంచుదాకా వెళ్ళి వచ్చానో అప్పుడు అర్థమైంది. వైర్లు కింద పెట్టేసి, ఆమెకి మాత్రమే వినబడేలా గుసగుసగా అన్నాను.

"ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. మీరంటే నాకు చాలా ఇష్టం."

"బాబూ!" హాలు ఆ చివర, చివరి వరస కుర్చీలోంచి పెద్దమేస్త్రి గారి గొంతు వినబడింది. "కుండలన్నీ తెరిచారు కదా. ఇప్పుడు ఈ హాల్లో చెవిలో చెప్పినా నాకు వినబడుతోంది."

నేను కొయ్యబారిపోయాను. ఆమె ఫక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"నిజమేనా బాబూ? లేక అదీ శాంపిలేనా?" అన్నారాయన.

"నిజమేనండీ!" అని అరిచాను. అరవాల్సిన పని లేదని అరిచాక గుర్తొచ్చింది.

"అయితే నన్ను అడక్కు. పని మా అమ్మాయిది, జవాబూ మా అమ్మాయిదే. నా మట్టుకు నాకు, తప్పు తనదని నలుగురిలో చెప్పగలిగినవాడు చాలు," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలి మొహం అవతలికి తిప్పుకున్నారు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె మాత్రం నా మొహం చూడలేదు. నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి, సున్నానికి పగిలిన వేళ్ళు ఒక్కొక్కటే చూసింది. మొన్న గోడ మీద గీయించిన వేలు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"ఈ చేతులు సున్నం పనికి పనికిరావు," అంది.

"తెలుసు."

"ఆ పని పోయింది కదా. ఇది నేర్చుకుంటారా మరి? నేను నేర్పిస్తా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాన్నకి నలభై ఏళ్ళు పట్టింది." చెయ్యి వదల్లేదు. "మీకు ఇంకా ఎక్కువే పడుతుంది."

"సరే," అన్నాను.